కళ్లు లేని పాము చూసింది

దయ్యాలన్నా శకునాలన్నా నేను నమ్మే మనిషిని కాదు. బోరబండలో శ్మశానం గోడకు ఆనుకున్న ఇంట్లో ఏళ్ల తరబడి కిరాయికి ఉన్నాం. ఏ రోజూ ఉలిక్కిపడింది లేదు.

మా బిడ్డ స్వరూప నానక్‌రామ్‌గూడలో ఉంటుంది. అద్దాల ఆఫీసులో ఊడ్చి తుడిచే పని. ముందొక కాన్పు పోయింది. అందుకే ఈసారి ఎనిమిదో నెల పడగానే వెళ్లి దగ్గరున్నాను.

ఆఫీసులో పారేసిన పూలకుండీలు తెచ్చి వాకిట్లో పెట్టుకుంది. ఆ మట్టిలోంచే వచ్చేవి గుడ్డిపాములు. వానపాములంత సన్నం, నల్లగా నూనె రాసినట్టు మెరుస్తాయి. తల ఏదో తోక ఏదో తెలియదు. కళ్లుండవు, గోడకు తగులుకుంటూ పోతాయి. చేటలో ఎత్తి బయట పడేసేదాన్ని.

కడుపుతో ఉన్న మనిషి ఎదురైతే పాముకు చూపు పోతుందని మా వైపు అంటారు. స్వరూప దానికే నవ్వేది.

"నన్ను జూసే గుడ్డియైనట్టున్నయి గదనే అమ్మా."

"నీ గొప్పలు సాలు తియ్యి. అవి పుట్టుడే గుడ్డియి."

ఒక మధ్యాహ్నం తను గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. కుండీ కింద నుంచి ఒకటి వచ్చి, తల లేపి ఆగింది. ఆ తలకు రెండు కళ్లున్నాయి. ఆవగింజలంత, తడిగా. స్వరూప అటు జరిగితే తల అటే తిరిగింది. ఇటు జరిగితే ఇటు. నా వైపు ఒక్కసారీ చూడలేదు.

"అమ్మా, గిది నన్ను జూస్తుందే," అంది. ఈసారి నవ్వలేదు.

దాని మీద చెంబు బోర్లించాను. కడుపుతో ఉన్న మనిషి పాముకు కనపడదంటారు. మరి నా బిడ్డ కనపడుతోందంటే, కడుపులో ప్రాణం ఉన్నట్టా, లేనట్టా?

"లోపల మెసులుతుందా?" అని మాత్రం అడిగాను.

"పొద్దుగాల్నుంచి సప్పుడు లేదు. పండుకున్నదనుకున్న."

దొరికిన ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. లోపలి బిడ్డ గుండె సన్నగిల్లిందని వెంటనే ఆపరేషన్ చేశారు. బొడ్డుపేగు మెడకు చుట్టుకుందట. మనుమరాలి ఏడుపు వినిపించేదాకా గోడ పట్టుకునే నిలబడ్డాను.

ఇంటికొచ్చాక అల్లుడు మల్లేశ్ చెంబు ఎత్తాడు. పాము ఎండిపోయి అక్కడే ఉంది. ఫోన్‌లో ఫోటో తీసి, పెద్దది చేసి చూపించాడు.

"ఏడున్నయత్తా కండ్లు? అంతా తోలే."

నిజమే, తోలే. కానీ ఇద్దరం చూశాం. అది మనుమరాలిని కాపాడడానికి వచ్చిందో, తీసుకుపోవడానికి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కుండీలన్నీ పారేశాం. అయినా వాన పడితే బాత్రూంలో నీళ్లు పోయే జాలీ దగ్గర ఏదో ఒకటి మెరుస్తుంది. మనుమరాలు అటే పాకుతుంది. తనను చంకనెత్తుకుంటాను. చీపురు కోసం పోను. ముందు వంగి దాని ముఖం చూస్తాను.