గుడ్డ కట్టని బండి

మా ఆయన్ని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. "మీ ఆయన కడిగిన బండిలో మొహం చూసుకోవచ్చమ్మా" అంటారు. చూసుకోండి బాబూ, మీ మొహాలు మీరు చూసుకోండి, మా పొయ్యి సంగతి మేం చూసుకుంటాం. యార్డులో అందరూ ఆయన్ని 'అద్దం' అని పిలుస్తారు. పంతొమ్మిదేళ్ళుగా మోస్తున్న ఆ బిరుదు వల్ల ఇంట్లో చిల్లిగవ్వ రాలింది లేదు.

మట్టి తవ్వే పెద్ద బండ్లని అద్దెకిచ్చే యార్డు అది. పనికి వెళ్ళిన బండి పీకలదాకా బురదతో తిరిగొస్తే, కడిగేది మా ఆయన. నెలజీతమంటూ లేదు, బండికింత అని కూలి. అందుకే మా ఇంట్లో లెక్కలన్నీ బండ్లలోనే నడుస్తాయి. గ్యాసు మూడు బండ్లు. అమ్మాయి బడి ఫీజు అయిదు. ఇంటద్దె పద్నాలుగు. కాళ్ళకి రబ్బరు బూట్లూ, చేతులకి తొడుగులూ మేమే కొనుక్కోవాలి, అదింకో బండి.

మిగతావాళ్ళు రోజుకి మూడు కడుగుతారు. ఈయన రెండు. గొలుసు చక్రాల సందుల్లో ఎండిపోయిన మట్టిని ఇనప పుల్లతో గీకి గీకి తీస్తేగానీ మహానుభావుడికి తిండి సయించదు. పోనీ, అదైనా సహిస్తాను. నా కడుపుమంటంతా ఆ గుడ్డల గురించి.

నీళ్ళు కొట్టేముందు ఈయన బండి చుట్టూ తిరిగి చూస్తాడు. ఏ పైపు దగ్గరైనా నూనె తడి కనిపిస్తే అక్కడ చిన్న ఎర్రగుడ్డ పేలిక కడతాడు. కడిగేశాక ఆ జాడ పోతుంది కదా, మెకానిక్‌కి తెలియాలని. మెకానిక్ తీరిగ్గా వచ్చి, గుడ్డ ఉన్నచోట పైపు మార్చి, గుడ్డ విప్పి అవతల పారేసి, శభాష్ అనిపించుకుంటాడు. అతనికి నెలజీతం, ఏటా పెంపు. ఈయనకి గుడ్డ ఖర్చు కూడా రాదు. ఆ గుడ్డ కూడా మా అమ్మాయి పాత గౌనే.

పోయిన నెల ఇంటావిడ వచ్చి అద్దె పెంచానంది. ఆవిడ డబ్బుల్లో చెప్పింది, నేను బండ్లలో విన్నాను: ఇంకో నాలుగు. నిలువెల్లా గ్రీజు పూసుకొచ్చే మనిషికి గదిలోనే కుళాయి ఉన్న ఇల్లు మా వీధిలో అదొక్కటే. "ఒకటో తారీఖుకి ఇవ్వగలిగితే ఉండండి, లేకపోతే అడిగేవాళ్ళు బోలెడుమంది" అనేసి వెళ్ళిపోయింది.

ఆయన ఇంటికి రాగానే పట్టుకున్నాను.

"ఏమండీ, రోజుకి మూడో బండి కడుగుతారా, కుళాయి వదులుకుంటారా?"

"టైము సరిపోదే."

"బండి చుట్టూ ఆ ప్రదక్షిణాలు మానెయ్యండి, అదే సరిపోతుంది. గుడ్డలు కట్టమని మీకెవరైనా చెప్పారా?"

"లేదు."

"కట్టినందుకు ఏమైనా ఇస్తున్నారా?"

"పైపు తెగితే వేడి నూనె చిమ్ముతుందే. లోపల మనిషి కూర్చుని ఉంటాడు."

"మెకానిక్ ఉన్నాడుగా, ఏడుస్తాడు! లోకంలో బాధ్యతంతా మీ నెత్తిమీదే ఉందా? నామీద ఒట్టు, రేపట్నుంచి ఒక్క గుడ్డ కూడా కట్టకండి."

కట్టలేదు. వారంలో ఆరు బండ్లు ఎక్కువ కడిగాడు. ఆ డబ్బు డబ్బాలో వేస్తూ "చూశారా మరి!" అని దెప్పాను. ఆయన కంచంలో సగం అన్నం వదిలేసి లేచాడు. అలసటేమో అనుకున్నాను, నా బుద్ధి అంతే.

ఎనిమిదో రోజు ఒక బండి పైపు తెగింది. ముందురోజు మా ఆయన కడిగిన బండే. దాన్ని నడిపే కుర్రాడికి, నన్ను అక్కా అని పిలిచేవాడికి, మోచేతిదాకా చెయ్యి కాలిపోయింది.

మేనేజరు అడిగితే మెకానిక్ ఏమన్నాడో తెలుసా? "గుడ్డ లేదు సార్. ఉంటే నేను చూసేవాణ్ణే" అన్నాడు. పంతొమ్మిదేళ్ళు ఎవరి కంటికీ ఆనని గుడ్డ, లేనిరోజు మాత్రం అందరికీ కనిపించింది! మా ఆయనకి పది బండ్ల కూలి కోత పెట్టారు.

వినగానే తలుపు కూడా వెయ్యకుండా యార్డుకి పరిగెత్తాను. నేనే మానిపించానని చెప్పేద్దామనే వెళ్ళాను. కానీ మేనేజరుని చూడగానే కోపం ముందొచ్చింది.

"గుడ్డకి మీ రేటెంతండీ? కట్టిన రోజుల్లో ఎంతిచ్చారని, కట్టనిరోజు పది బండ్లు కోస్తారు?"

"అది ఆయన పనిలో భాగమేనమ్మా."

"ఎప్పట్నుంచీ?"

మేనేజరు ఒక కాగితం నా ముందుకి తోశాడు. "ఆయనే ఒప్పుకున్నాడు, చూసుకోండి."

మా ఆయన చేతిరాతే. 'నూనె తడి చూశాను. గుడ్డ కట్టడం మర్చిపోయాను.' కింద సంతకం.

మర్చిపోయాడట! నాలుగేళ్ళ కిందట ఏ బండికి ఏ పైపు కారిందో ఈరోజుకీ చెప్పే మనిషి. చూశాడు. చూసి, నా ఒట్టు కోసం కడిగేశాడు. ఆపైన నా పేరు ఎక్కడా రాకుండా నేరమంతా తనమీద వేసుకున్నాడు. చెప్పాలనుకున్నది చెప్పకుండానే తల దించుకుని వచ్చేశాను.

ఒకటో తారీఖున ఇల్లు మారాం. ఇక్కడ ఎనిమిది కుటుంబాలకి ఒకటే కుళాయి. రోజంతా పైపుతో నీళ్ళు కొట్టే మనిషి, సాయంత్రం గ్రీజు చేతులతో ఒక బకెట్టు నీళ్ళకోసం వరుసలో నిలబడతాడు. చూస్తే నాకు ఏడుపొస్తుంది, కోపమూ వస్తుంది. ఆ కుర్రాడి చెయ్యి మానుతోందట. వెళ్ళి చూడ్డానికి నాకింకా మొహం చెల్లడం లేదు.

ఇల్లు మారిన మర్నాడు పొద్దున్న ఆయన పనికి బయల్దేరుతుంటే, పాత గౌనులో మిగిలిన ముక్కంతా పేలికలు చింపి ఆయన జేబులో కుక్కాను.

ఆయన నావంక చూశాడు. "మరి ఒట్టు?"

"తీసి గట్టున పెట్టాను. వెళ్ళండి."