మూడు గుంతల రాయి దగ్గర

ఇరవై ఆరేళ్లుగా నేనొక బావిని మోస్తున్నాను. నవ్వకండి. మీరు నవ్వితే ఇక్కడే ఆపేస్తాను, మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు. ఇప్పటికే మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. చింపిన ప్రతిసారీ ఏదో ఒక సాకు దొరికింది. చేతిరాత కుదరలేదని, ఇంటికి చుట్టాలొచ్చారని, ఇంత పాత సంగతి ఇప్పుడెవరికి కావాలని. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. నా ముఖం చూసి అడిగినవాళ్లకు ఇంతవరకు నేను నిజం చెప్పలేకపోయాను.

నా పేరు చెప్పను. ఊళ్ల పేర్లు కూడా మారుస్తున్నాను. బోథ్ దగ్గర పక్కపక్కనే రెండు ఊళ్లు. పెద్దదాన్ని పెద్దూరు అనుకోండి, చిన్నదాన్ని చిన్నపల్లె అనుకోండి. చిన్నపల్లె ఒకప్పుడు వేరే ఊరేనట. గత్తర, అదే కలరా, తగిలి సగం ఇళ్లు ఖాళీ అయితే మిగిలినవాళ్లను పెద్దూరిలో కలిపేశారు. రెండు తరాలు గడిచాక చిన్నపల్లె వాళ్లు మా ఊరు మాకు కావాలన్నారు. పంచాయతీ వేరు, పొలిమేర వేరు. పెద్దూరి బడిలో నేను పంతులుని. మాది లక్సెట్టిపేట. ఆ రెండు ఊళ్లలో ఎవరికీ చుట్టాన్ని కాను, చేతిరాత గుండ్రంగా ఉంటుంది. ఇంకేం కావాలి? ఒప్పందం కాగితం రాసే పని నా నెత్తిన పడింది.

అది అరవై తొమ్మిది. వేరు రాష్ట్రం కావాలని బళ్లు మూతబడ్డ ఏడాది. పెద్దూరి మగవాళ్లు పొద్దున్నే బోథ్‌కు పోయి, మమ్మల్ని మా మానాన వదలండని గొంతులు పోయేలా అరిచి వచ్చేవాళ్లు. అదే గొంతుతో మధ్యాహ్నం చాప మీద కూర్చుని, చిన్నపల్లె వేరుపడేదేంటి, కలిసుంటే ఏం రోగం అనేవాళ్లు. నాకు అప్పట్లో నవ్వొచ్చేది. ఐదారుసార్లు కూర్చున్నాక ఏడుపొచ్చేది.

మొత్తం పదకొండుసార్లు కూర్చున్నారు. మొదటిసారి పొద్దంతా చాప ఎక్కడ పరవాలన్న దాని మీదే పోయింది. చాప సగం కంటే ఎక్కువ పెద్దూరి వైపు ఉందని చిన్నపల్లె పెద్దమనిషి లచ్చన్న లేచి నిలబడ్డాడు. జరిపితే పెద్దూరి పటేల్ లేచి నిలబడ్డాడు. ఇంకోసారి చాయ్ ఎవరి పాలతో కాచారన్న గొడవ. పశువుల బాట సంగతి ఎనిమిదోసారి తేలింది, తొమ్మిదోసారి మళ్లీ మొదటికొచ్చింది. నేను రాయడం, వాళ్లు కొట్టెయ్యమనడం. అసలు తగాదా ఒక్కటే. ఊటబావి. రెండు ఊళ్ల నడుమ ఉండేది. ఎండాకాలంలో చుట్టుపక్కల బావులన్నీ అడుగంటినా అందులో నీళ్లుండేవి. పెద్దూరికి ఇంకో రెండు బావులున్నాయి. చిన్నపల్లెకు అదొక్కటే. అది హద్దుకు ఏ వైపు పడుతుందన్నదే మొత్తం పంచాయితీ. "బాయి మాది" అని ఇద్దరూ గంటల తరబడి అనేవాళ్లు. ఆ రెండు మాటలు వినీ వినీ నాకు బావి అంటేనే ఒళ్లు మండేది.

చివరికి పదకొండోసారి ఒక్క మాట మీదికి వచ్చారు. పోషన్న నడవాలి. ఎక్కడ నడిస్తే అదే హద్దు.

పోషన్న చిన్నపల్లె ముసలాయన. ఏటా పోచమ్మ పండుగకు ఊరి పొలిమేర వెంట పొలి చల్లే మనిషి. పొలి అంటే బలి అన్నం. అది ఎంతమేర చల్లితే అంతమేర ఊరు. చిన్నపల్లె వేరుగా ఉన్ననాటి పాత పొలిమేర తెలిసినవాడు ఆయనొక్కడే మిగిలాడు. చిన్నప్పుడు వాళ్ల బాపు ఆయన చెయ్యి పట్టుకుని ఆ దారంతా నడిపించాడట. హద్దు నడకకు ఒక పద్ధతి ఉంది. నడిచేవాడు స్నానం చేసి, తడి పంచెతో, నెత్తిన పొలిమేర మట్టిగడ్డ పెట్టుకుని, చెప్పులు లేకుండా నడవాలి. మొదలుపెడితే ఆగకూడదు, నోరు విప్పకూడదు. వెనక నడిచేవాళ్లు కూడా మాట్లాడకూడదు. ఎవరు మాట్లాడినా నడక చెల్లదు, మళ్లీ ఏడాది దాకా నడవడానికి లేదు.

నడక ముందు రోజు పొద్దున పోషన్న నా గదికి వచ్చాడు. గడప తడుముకుంటూ లోపలికొచ్చాడు. అప్పుడు చూశాను ఆయన కళ్లు. రెండింటిలోనూ పువ్వులు.

"సారూ, నాకు కండ్లు కానస్తలేవు. ఎవ్వలకు చెప్పలే. చెప్తే నా నడక చెల్లదంటరు. మల్ల గీ పంచాయితి తెగది. పల్లెల ఆడోళ్లు నీళ్లకు సస్తరు."

"మరెట్ల నడుస్తవు పోషన్నా?"

"నువ్వు ముందట నడువు. ముండ్లకంప పక్కకు జరుపుతున్న అని చెప్పు. నీయి కిర్రు చెప్పులు గదా, గా సప్పుడు ఇనుకుంట నేనెనకొస్త. మూడు గుంతల రాయి ఎరికేనా? గాడ రెండు బాటలు చీల్తయి. ఎడమకు మర్రు. అంతే. బాయి మన కుడిచెయ్యి దిక్కుంటది. కుడిచెయ్యి దిక్కు పల్లె."

"మర్లేది ఎడమకేనా?"

"ఎడమకే. మా బాపు నడిపిచ్చిన బాట. అబద్ధం నడుస్తనా సారూ, నెత్తిన మట్టివెట్టుకోని?"

సరే అన్నాను. చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పాను.

ఆ సాయంత్రమే పటేల్ పిలిపించాడు. ఇంట్లో కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు. పోషన్న అబద్ధం నడవడని ఆయనకూ నమ్మకమే. అందుకే భయం. "బాయి అటు దిక్కు వోతే నేను సంతకం పెట్ట సార్. మల్ల మొదటికెల్లి కూసుందాం. నువ్వుంటవు గదా రాయనీకి" అన్నాడు. అంతే అన్నాడు. నన్ను ఏమీ చెయ్యమనలేదు, ఏమీ ఇస్తాననలేదు. ఆ పాపం ఆయన మీదికి తొయ్యడానికి నేను చాలా ఏళ్లు ప్రయత్నించాను. కుదరలేదు.

నా జేబులో అప్పటికి వారం రోజులుగా ఒక కార్డు ఉంది. లక్సెట్టిపేటలో నా భార్యకు ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటో రోజు తొట్టెలలో వేస్తారు, ఆ లోపు రమ్మని రాశారు. నేను వెళ్తానంటే, సంతకాలయ్యేదాకా కదలొద్దని రెండు ఊళ్లవాళ్లూ ఒక్కమాట మీద ఉన్నారు. ఆ ఒక్క విషయంలోనే వాళ్లకు ఏకాభిప్రాయం. తొట్టెల మర్నాడే, నడక రోజునే. హద్దు నడక పొద్దున్నే అయిపోయి, అందరూ సంతకాలు పెడితే, బోథ్‌లో బస్సు అందుతుంది. నిర్మల్‌లో ఇంకో బస్సు మారితే దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉంటాను. పటేల్ సంతకం పెట్టకపోతే? పన్నెండోసారి. పదమూడోసారి. చాప, చాయ్, పశువుల బాట, బావి మాది, బావి మాది.

ఇది సాకు అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకుంటాను. బిడ్డను చూడాలనుకోవడం తప్పు కాదు కదా అని ఒక్కోసారి నాకు నేను చెప్పుకుంటాను. వెంటనే చిరాకొస్తుంది. ఎందుకంటే ఆ పొద్దున నా మనసులో బిడ్డ కంటే ఎక్కువగా ఉన్నది విసుగు. ఉత్త విసుగు. ఏ గీతైనా సరే, గీసేసి పోవాలన్న కసి. డబ్బుకు కక్కుర్తిపడి చేసినవాడికి కనీసం డబ్బు మిగులుతుంది. విసుగుతో చేసినవాడికి ఏం మిగులుతుంది?

పొద్దు పొడిచాక నడక మొదలైంది. ముందు నేను, చేతిలో కర్రతో ముళ్లకంపలు పక్కకు తోస్తూ. వెనక పోషన్న, నెత్తిన మట్టిగడ్డ, ఒంటికి అతుక్కున్న తడి పంచె. ఆయన వెనక ఇరవై అడుగుల దూరంలో పటేల్, లచ్చన్న, రెండు ఊళ్ల జనం, సున్నం చల్లడానికి ఇద్దరు. ఎవరూ మాట్లాడలేదు. నా చెప్పులు మాత్రం కిర్రు కిర్రుమంటున్నాయి.

మూడు గుంతల రాయి వచ్చింది. గుంతల్లో రాత్రి కురిసిన వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. ఎడమ బాట కొంచెం పల్లం, బావి ఊట దిగే చోటు కాబట్టి నల్లటి తడి మట్టి. కుడి బాట మొరం గడ్డ. నేను ఆగలేదు. ఆగితే ఆలోచించేవాణ్నేమో. కుడికి తిరిగాను.

ఆయన నా వెనకే తిరిగాడు.

పది అడుగులు వేశాక వెనక ఆయన నడక తడబడింది. నేను చూడలేదు, విన్నాను. అరికాళ్లకు తడి మట్టి తగలాల్సిన చోట మొరం గుచ్చుకుంది. అంత దారి కాళ్లకు గుర్తున్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసింది. అడగడానికి నోరు విప్పకూడదు. ఆగకూడదు. నేను అడుగులు గట్టిగా వేశాను, చప్పుడు బాగా వినబడేలా. నేను ఇన్నేళ్లూ చెప్పుకోలేకపోయింది ఇదే. కుడికి తిరగడం ఒక్క క్షణం పని. ఆ తర్వాత చప్పుడు పెంచానే, అది తెలివితో చేసిన పని.

బావి మా ఎడమచేతి వైపు ఉండిపోయింది, పెద్దూరి వైపు. వెనక ఎవరో వెక్కినట్టు వినబడింది. లచ్చన్న అట. నోరు నొక్కుకున్నాడట. మాట్లాడితే నడక చెల్లదు. పోషన్న వాళ్ల మనిషే, తనవాళ్లకు వ్యతిరేకంగా అబద్ధం ఎందుకు నడుస్తాడని, అదే నిజం కాబోలని తల దించుకుని నడిచాడు. చివర సంతకాలయ్యాయి. పటేల్ సంతోషంగా పెట్టాడు. లచ్చన్న వేలిముద్ర వేశాడు. సిరా నేనే రాశాను ఆయన బొటనవేలికి.

జనం చెదిరాక పోషన్న నా భుజం పట్టుకున్నాడు.

"సారూ, రాయి కాడ ఎడమకే మర్లినవు గదా?"

"ఎడమకే."

"కాళ్లకు మొరం తగిలింది."

"వానలకు బాట కొట్టుకపోయింది పోషన్నా. మొరం తేలింది."

ఆయన అరికాలికి అంటిన మొరం వేళ్లతో దులుపుకున్నాడు.

"గట్లనా. నాకు కానరాదాయె. నువ్వు చూసినవు గదా" అన్నాడు.

ఆయన నమ్మాడా? నమ్మినట్టు ఉండిపోయాడా? నడక తప్పని అనాలంటే ముందు తనకు కళ్లు లేవని ఒప్పుకోవాలి, కళ్లు లేకుండా ప్రమాణపు నడక నడిచానని చెప్పాలి. ఆ పని ఆయన చెయ్యలేడని నాకు తెలుసు. ఆ ధీమాతోనే కుడికి తిరిగానేమో అని ఈ మధ్య అనిపిస్తోంది.

బస్సు అందింది. తొట్టెలకు వెళ్లాను. బిడ్డను ఎత్తుకున్నాను.

పది రోజులకు తిరిగి వచ్చేసరికి ఊటబావి చుట్టూ పెద్దూరి వాళ్లు ముళ్లకంచె వేశారు. చిన్నపల్లె ఆడవాళ్లు వాగు దాకా పోయి ఇసుకలో చెలిమెలు తోడుకుంటున్నారు. పోషన్నను ఆయన ఊరే వెలివేసినంత పని చేసింది. పటేల్‌కు అమ్ముడుపోయాడన్నారు. బీడీకి నిప్పు అడిగినా ఇచ్చేవాళ్లు కాదు. ఆ ఏడు పోచమ్మ పండుగకు పొలి గంప ఇంకొకరు ఎత్తుకున్నారు. నేను బడి అరుగు మీద నిలబడి చూశాను. పోషన్న తన ఇంటి ముందు కూర్చుని, డప్పుల చప్పుడు ఎటు పోతుంటే అటు తల తిప్పుతున్నాడు. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. పంతులు నన్ను నడిపించాడు అని. ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మర్నాడు చెబుదాం అనుకునేవాణ్ని. మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. ఆయన ఇంకో మూడేళ్లు బతికాడని తర్వాత తెలిసింది.

మొన్న ఎలక్షన్ డ్యూటీ చిన్నపల్లెకే పడింది. పేరు చదవగానే డ్యూటీ మార్పించుకోవాలని చూశాను, కాలేదు. ఇప్పుడక్కడ బోరింగు ఉంది. ఊటబావి ఎవరికీ అక్కర్లేదు, సగం పూడిపోయింది. దానికోసం పదకొండుసార్లు కూర్చున్నారు! ఓటెయ్యడానికి వచ్చిన ఒకామె, నేను ఒకప్పుడు పెద్దూరి బడి పంతులునని విని, చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. నేను తాగుతుంటే నిలబడి చూసింది.

"సారూ, మా తాత పోషన్న ఎరికేనా? మీరు గప్పుడు గాన్నే ఉన్నరంట గదా. మా తాత నిజంగనే అమ్ముడువోయిండా?"

గదినిండా ఏజెంట్లు, పోలీసు, వరసలో జనం. నేను చెంబు తిరిగిచ్చి, తర్వాతి పేరు చదివాను. ఆమె వేలికి సిరా గుర్తు పెట్టించుకుని వెళ్లిపోయింది. ఆమెకు జవాబు దొరికినట్టే అనుకుని ఉంటుంది.

అందుకే ఈసారి చింపడం లేదు. నన్ను క్షమించమని అడగను. క్షమించాల్సిన మనిషి లేడు, మిగిలినవాళ్లకు ఆ హక్కు ఉందో లేదో నాకు తెలియదు. రాసేసరికి చెయ్యి కొంచెం తేలికైంది, అంతే. ఈ కాగితం ఆ ఊరు చేరితే, నీళ్లిచ్చిన ఆమెకు ఎవరైనా చదివి వినిపించండి.

అమ్మా, మీ తాత ఎవరికీ అమ్ముడుపోలేదు. నా చెప్పుల చప్పుడును నమ్మాడు.