తెర మీద గెలిచిన లెన్సు

కరీంనగర్‌లో మాది చిన్న ఆఫీసు. బడిపిల్లల మైక్రోస్కోపులకు లెన్సులు డిజైన్ చేస్తాం. ఈ మధ్య ఒక లెన్సుకు నేనొక డిజైన్ చేశాను, మా రజియా ఒకటి చేసింది. కంప్యూటర్ తెర మీద నా లెన్సు చూపే బొమ్మ స్పష్టంగా ఉంది, తనది కాస్త మసక. అందరం నాదే ఖాయం చేశాం. ఆ తర్వాత రజియా ఉద్యోగం మానేసి నిర్మల్‌లో ఒక కాలేజీలో చేరింది.

ఈ రోజు నా డిజైన్‌ను తయారీకి పంపబోతూ టాలరెన్స్ లెక్క వేశాను. గాజు మందంలో తేడా వచ్చినా, బిగించేటప్పుడు లెన్సు ఒరిగినా బొమ్మ ఎలా వస్తుందో సాఫ్ట్‌వేర్ వందల లెన్సులను ఊహించి చూపిస్తుంది. నా వాటిలో చాలావరకు పనికిరానివే. వెంట్రుకవాసి ఒరిగితే చాలు, బొమ్మ అలుక్కుపోతోంది.

రజియాకు ఫోన్ చేశాను.

"నీ డిజైన్‌కు ఈ లెక్క వేశావా?"

"ఏసిన అక్కా. జర మసకనే గానీ, ఎట్ల బిగించినా గంతకంటె ఖరాబ్ కాదు. గదే చెప్దామంటే మీరు బొమ్మ చూడంగనే లేచి పోయిండ్రు."

"ఆ ఫైలు పంపుతావా?"

"వచ్చేటప్పుడు ఫైళ్లన్నీ డిలీట్ చేసిన అక్కా. ఇగ ఎవలకు అక్కర అనుకున్న."

సాయంత్రం నుంచి ఆమె డిజైన్‌ను గుర్తు చేసుకుని మళ్లీ గీయాలని చూస్తున్నాను. ఆ రోజు సరిగ్గా చూసి ఉంటే కదా గుర్తుండడానికి!

మీలో ఎవరైనా ఇలా సగం వినే లేచి వెళ్లిపోయారా? ఉంటే చెప్పండి, నాకు తోడుంటారు.