ఇష్టం లేని ఆట కోసం నాటింగ్‌హామ్ దాకా

దేశంలోని క్రికెట్ గ్రౌండ్‌లన్నీ కారులో తిరిగి చూడాలన్నది నా స్నేహితుడు రవి కోరిక. రెండు చూశాడు. గత చలికాలంలో గుండెపోటుతో పోయాడు. మిగిలినవి వాడి కూతురు అనన్యకు నేను చూపిస్తున్నాను.

ఈ రోజు మిల్టన్ కీన్స్ నుంచి నాటింగ్‌హామ్ వెళ్లాం. పొద్దుటి నుంచీ ఆట చూశాం. పక్కవాళ్లు లేచినప్పుడల్లా మేమూ లేచాం. నాకేమీ అనిపించలేదు. టీ విరామంలో చిప్స్ తింటూ అనన్య అడిగింది.

"అంకుల్, డు యూ ఈవెన్ లైక్ క్రికెట్?"

"లేదమ్మా. నీకు?"

"నాట్ రియల్లీ. డాడ్ డిడ్."

"అయితే మానేద్దామా?"

కాసేపు ఖాళీ గ్రౌండ్ వైపు చూసింది. "విచ్ వన్ ఈజ్ నెక్స్ట్?" అంది.

నార్తాంప్టన్ అన్నాను. తలూపింది.

ఇంటికి రాగానే టికెట్లు తీసుకున్నాను. క్రికెట్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, అక్కడ ఏ వైపు కూర్చుంటే ఆట బాగా కనిపిస్తుంది?