మల్లేశం మామ పడని చెట్టు

ఈ రోజు మా వీర్నపల్లి మల్లేశం మామను జీపులో వేసుకుని సిరిసిల్లలో ఓ ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లాను. మామ నడుముకు మోకు కట్టుకుని తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. అడవిలోని అన్నలకు కల్లు పోశాడంటూ మొన్న పోలీసులు కల్లు అమ్మే మండువ ముందే చితకబాది కాలు విరగ్గొట్టారు. దవాఖాన ఖర్చుకు జడిసి ఆకుపసరు కట్టుతో మంచంలోనే ఉండిపోయాడు. ఈ పొద్దు కాలు నల్లబడిందని అత్త ఏడుస్తూ వస్తే, నేనే లేపి ఎక్కించాను.

దారిలో ఓ ఉపాయం చెప్పాను. "చెట్టు మీదికెల్లి పడ్డ అను మామా. చెట్టు మీదికెల్లి పడ్డోళ్ల ఖర్చు కల్లు సంఘం పెట్టుకుంటది. నిజం చెప్తే పోలీసు కేసని డాక్టర్ ముట్టడు."

విరిగిన కాలితోనే నన్ను తన్నబోయాడు. "మోకు వట్టినసంది ఒక్కపారి గూడ కింద వడలే. గా మాట నా నోట రాదు. కాలు పోతె పోనీ."

ఎలా విరిగిందని డాక్టర్ అడిగితే మామ గోడవైపు తిరిగాడు. అత్తే చెప్పింది, "చెట్టు మీదికెల్లి వడ్డడు సారూ."

డాక్టర్ అంగీ ఎత్తి చూశాడు. వీపు నిండా లాఠీ వాతలు, నడుము మీద బూటు అచ్చు.

"చెట్టు గట్టిగనే కొట్టింది" అని కట్టు మొదలుపెట్టాడు.

లాఠీలు విరుగుతుంటే కిక్కురుమనని మామ అప్పుడు వెక్కివెక్కి ఏడ్చాడు.

మామ ఏనాడూ చెట్టు మీంచి పడలేదని ఊరంతా చాటాలనుంది. చాటితే ఆ కాలి ఖర్చు ఎవరు పెడతారో మీరే చెప్పండి.