కాకను ఎలుక అన్న రోజు

నా జన్మలో ఒక మనిషిని ముఖం మీద తిట్టింది ఒక్కసారే. ఆ ఒక్క తిట్టుకే కాలనీ అంతా నల్లా దగ్గర బిందెలు వదిలేసి నిలబడిపోయింది. ఎంత ఘనకార్యమో మీరే వినండి.

మా ఆయన అప్పట్లో గోదావరిఖని బొగ్గుబాయిలో, అంటే గనిలో, బదిలీ వర్కరు; రాని వాళ్ల బదులు దిగే మనిషి. ఏడాదిలో సరిపడా మస్టర్లు పడితేనే, అంటే హాజరు నిండితేనే, పర్మనెంటు. గమ్యం దగ్గర పడింది. ఒక్క డ్యూటీ పోయినా మళ్లీ మొదటికే. అన్నం ముందు ప్రార్థనలో కూడా నేను దేవుణ్ని మస్టర్లే అడుగుతున్న రోజులవి. ఓ మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు పక్కింటి సరోజక్క ఉరికొచ్చింది.

"చెల్లె, మీ ఆయన్ని సగం షిఫ్టులనే బాయిల నుంచి బయటికి పంపిండ్రట. రాజలింగు కాకనే సర్దారుకు చెప్పిండట!"

సర్దారంటే బాయిలో షిఫ్టు మీది అధికారి. రాజలింగు కాక మా ఆయనతో పనిచేసే పెద్దమనిషి. ముందురోజే మా ఇంట్లో చాయ్ తాగి, చల్లగుండమని దీవించాడు. నా ఒళ్లు కుంపటయింది. కానీ తిట్టడమెలా? కీర్తనలు పాడే నోటితో తెలుగులో తిడితే పాపం. ఇంగ్లీషులో తిడితే చదువు! బడి గడప తొక్కని నాకు నాన్న ఇంట్లోనే ఇంగ్లీషు నేర్పాడు మరి. ఆ భాషలో నమ్మించి ముంచేవాడు పాము, లేదంటే ఎలుక. ద్రోహం మనుషులది, బద్నాం జంతువులది.

కాక బొగ్గు ముఖంతోనే నల్లా దగ్గర ఎదురయ్యాడు.

"కాకా, యూ ఆర్ ఎ ర్యాట్!"

"ఏంది బిడ్డా?"

"ర్యాట్! ఎలుక! నువ్వు అచ్చం ఎలుకవి!"

నల్లా కింద వదిలేసిన బిందెలు నిండి పొర్లాయి. కాక భుజం మీది తువ్వాల తీశాడు. కొడతాడా, ఏడుస్తాడా?

"ఎన్నేండ్ల సంది బాయిల చేస్తున్న. ఇంత పెద్ద మాట నన్నెవలు అనలె."

"అననీకె ఎవలకు దమ్ము లేకుండె!"

కాక తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. "సద్దిల మొదటి ముద్ద ఎలుకకే పెడ్తం బిడ్డా. కప్పు కూలేటప్పుడు మాకన్న ముందు దానికే ఎర్కయితది. అది ఉరికితె మేం ఉరుకుతం. గసొంటి పానం గాసేదాంతోటి నన్ను వోల్చినవ్!"

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను ఎలుకను తవ్వి కొండను మీదేసుకున్నాను.

"మరి సర్దారుకెందుకు చెప్పినవ్?" అయినా అడిగాను.

"నీకు ఎర్కలేదా? వాని ఒళ్లు జరంతోటి కాలుతున్నది. గోలేసుకొని దాసిండు. బొగ్గు టబ్బులు గుంజే రోపు మీదికి తూలిండు! చెప్పకు కాకా, మస్టర్ పోతదన్నడు. చెప్పిన. దవాఖానల పండవెట్టి, నీకు చెప్దామనే జల్ది వస్తున్న."

ఆ దవాఖాన దాకా ఎలా పరుగెత్తానో దేవుడికే తెలుసు. సెలైను కింద ఆయన ఎంతకీ కళ్లు తెరవలేదు. మస్టర్లు అడిగిన నోటికి ఇప్పుడు 'ప్రభువా' తప్ప మాట రాలేదు. చివరికి రెప్పలు కదిలాయి.

"మస్టర్ పాయె."

"మనిషి ఉన్నడు. స్తోత్రం."

"కాకను ఏమన్న అన్నవా ఏంది?"

"ఎలుకన్న."

ఆయన సెలైనుతో సహా లేవబోయాడు. "ఎలుకనా! ఇన్నేండ్ల కాపురంల నన్నొక్కనాడన్న గంత మంచిమాటంటివా?"

పర్మనెంటు ఆలస్యంగా వచ్చింది. వచ్చింది, అదే చాలు. ఇక నా తీర్మానం. ఒట్టు పెట్టుకోవద్దని బైబిలు వాక్యం గనుక, మాట మాత్రమే ఇస్తున్నాను: ఏ జంతువు పేరుతో ఎవరినైనా తిట్టే ముందు, ఆ జంతువుకు బాయిలో ఎంత పరపతి ఉందో కనుక్కున్నాకే నోరు తెరుస్తాను.