పావుగంట

దర్జీ పెద్దకూతురికి ఇంటర్నెట్ అంటే నాన్న స్నానం చేసే పావుగంట. తమ్ముడికి సొంత ఫోనుంది. తలుపేసుకుంటే అడిగే నాథుడు లేడు. ఆమె మాత్రం నాన్న ఫోను పట్టుకుని కిటికీ పక్కన నిలబడి, చెవి స్నానాలగది వైపు పెట్టి చూస్తుంది. నీళ్ల చప్పుడు ఆగగానే బొటనవేలు తనంతట తానే కదిలి, చూసినవీ వచ్చినవీ అన్నీ చెరిపేస్తుంది. దాచాల్సినవేం కావు. జాకెట్ల డిజైన్లు, వాన కబుర్లు, ఒక్కోసారి ఊరికే సముద్రం. "ఆడపిల్లకి ఫోన్లో ఏం పనే?" అని నాన్న ఎప్పుడో ఒక్కసారే అన్నాడు. ఆ ఒక్కసారే చాలింది.

ఆ రోజు, ఇంట్లో చెప్పకుండా దరఖాస్తు పెట్టిన డిజైనింగ్ కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది. సీటు వచ్చిందట, సాయంత్రంలోగా కింది లింకు నొక్కి ఒప్పుకోవాలట. రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతుంటే నీళ్ల చప్పుడు ఆగింది. వేలు తన పని తాను చేసేసింది. పక్క గదిలో తమ్ముడు ఫోన్లో ఏదో చూసి పగలబడి నవ్వుతున్నాడు.

"ఏమ్మా, ఏమైనా వచ్చిందా?" తల తుడుచుకుంటూ వచ్చాడు నాన్న.

"ఏం రాలేదు నాన్నా," అంది. చున్నీ అంచుతో ఫోను శుభ్రంగా తుడిచి మరీ ఇచ్చింది.